మందు పాతబడిందా? క్రిమి ముదిరిందా?

"సారూ, నిరుడు గీ గోలీలే మింగితే రెండు దినాలల్ల తక్కువయింది. ఈసారి షీటు మొత్తం ఒడిసినా మంట పోతలేదు. గోలీల పవరు పోయిందా ఏంది?"

మోత్కూరులో ఒక పెద్దామె కొంగున ముడి వేసుకొచ్చిన ఖాళీ గోలీల షీటును నా బల్ల మీద పెట్టి వేసిన ప్రశ్న ఇది. ఆమెకు అరవై ఏళ్ళుంటాయి. పదేళ్ళుగా షుగరు వ్యాధి ఉంది. నా ముందు కూర్చునేసరికి ఒళ్ళు కాలిపోతోంది. చలితో వణుకుతోంది. నడుముకు ఒక పక్క చెయ్యి వేస్తే చాలు, మూలుగుతోంది. మూత్రంలో మొదలైన మంట పైకి పాకి మూత్రపిండానికి చేరిందన్నమాట.

విచారిస్తే తెలిసిన సంగతి ఇది. ఆ ఏడాదిలో మంట రావడం ఇది నాలుగోసారి. వచ్చిన ప్రతిసారీ కొడుకు పాత షీటు పట్టుకుని మందుల షాపుకు వెళ్ళడం, అవే గోలీలు తేవడం, ఈమె మూడో నాలుగో మింగడం, మంట తగ్గగానే మిగిలినవి గూట్లో దాచడం. డాక్టరుకు చూపించింది మొదటిసారి మాత్రమే.

మూత్రాన్ని కల్చరు పరీక్షకు పంపించాము. అంటే, అందులోని క్రిములను పెంచి, ఏ మందుకు చస్తున్నాయో, ఏ మందుకు చావడం లేదో చూసే పరీక్ష. రెండు రోజులు గడిచాక రిపోర్టు వచ్చింది. వరుసగా మందుల పేర్లు, ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఒక అక్షరం. ‘ఎస్’ అని ఉంటే ఆ మందుకు క్రిమి లొంగుతుందని అర్థం. ‘ఆర్’ అని ఉంటే లొంగదని అర్థం. ఆమె మింగిన గోలీకి ఎదురుగా ‘ఆర్’. ఆ గోలీకి చుట్టాలైన మందులన్నిటికీ ‘ఆర్’. పేజీ మొత్తం మీద ‘ఎస్’ ఉన్నవి మూడంటే మూడు. ఆ మూడూ నరానికి ఎక్కించే సూదిమందులే. పెద్ద ఆసుపత్రిలో పది రోజులుంచి సూదిమందు ఇస్తేగాని ఆమె కోలుకోలేదు.

నాలుగు గోలీలతో పోయే జబ్బు పది రోజుల ఆసుపత్రి జబ్బుగా ఎందుకు మారింది? ఆమె అడిగిన ప్రశ్నకు ఆ వేళ నేను తీరికగా జవాబు చెప్పలేకపోయాను. ఈ వారం మీ అందరికీ కలిపి చెబుతాను.

అలవాటు పడేది ఒళ్ళు కాదు

"ఈ మందు నా ఒంటికి అలవాటైపోయింది డాక్టరుగారూ, ఇంకొంచెం పెద్దది రాయండి" అని చదువుకున్న వారు కూడా అంటూ ఉంటారు. ఇది పొరపాటు. యాంటీబయాటిక్ మందుకు అలవాటు పడేది మీ ఒళ్ళు కాదు, మీ ఒంట్లోని బాక్టీరియా క్రిమి. మందు తన పని తాను చేయగలిగే స్థితిలోనే ఉంటుంది. క్రిమే మారిపోతుంది.

మన పత్తి రైతులకు ఈ విషయం వేరే చెప్పనక్కర లేదు. ఒకే పురుగుమందు ఏళ్ళ తరబడి కొట్టీ కొట్టీ, చివరికి ఆ మందులో ముంచినా పురుగు చావని రోజు రావడం వారు కళ్ళారా చూశారు. మందు కొట్టిన ప్రతిసారీ మెత్తని పురుగులు చచ్చి, మొండివి మిగిలాయి. మిగిలిన మొండివే పిల్లలు పెట్టాయి. మన కడుపులోనూ, మూత్రంలోనూ, గొంతులోనూ జరిగేది ఇదే. తేడా అల్లా వేగంలో ఉంది.

మూత్రంలో మంటకు ఎక్కువసార్లు కారణమయ్యే ‘ఈ కోలై’ అనే బాక్టీరియా మన పేగుల్లో ఎప్పుడూ ఉండేదే. దానికి అనుకూలమైన చోటు దొరికితే 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలగలదు. ఒకటి రెండై, రెండు నాలుగై, అలా 7 గంటలు సాగితే ఒక్క క్రిమి 20 లక్షలు దాటుతుంది. ఇన్ని లక్షల చీలికల్లో ఎక్కడో ఒక చోట నకలు తప్పు పడుతుంది. ఆ తప్పు వల్ల ఏ ఒక్క క్రిమికో మందును తట్టుకునే శక్తి వచ్చిందనుకోండి. మందు లేనప్పుడు దానివల్ల ప్రత్యేకమైన లాభమేమీ ఉండదు. మందు పడగానే మాత్రం తోటి క్రిములన్నీ చచ్చి, తిండీ చోటూ దానికే మిగులుతాయి. అరకొర మోతాదులో, అవసరం లేని జబ్బుకు మందు వేసుకున్న ప్రతిసారీ మనం చేస్తున్నది ఈ మొండి క్రిమికి చేను చదును చేసి అప్పగించడమే.

ఇంకొక చిక్కు ఉంది. ఈ క్రిములు తాము సంపాదించిన విద్యను పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతి క్రిములకు కూడా ఇచ్చుకోగలవు. మందును తట్టుకునే ఉపాయం రాసి ఉన్న చిన్న జన్యువలయం ఒకదాన్నుంచి మరొకదానికి చేరిపోతుంది. అందువల్ల మీరు గొంతు నొప్పికి వేసుకున్న మందు మీ పేగుల్లోని క్రిములకూ పాఠం నేర్పుతుంది. ఆ క్రిములు మీ చేతి నుంచి మీ మనుమడి నోట్లోకి పోగలవు. ఒక ఇంట్లో చేసిన పొరపాటు ఆ ఇంటితో ఆగదు.

లాన్సెట్ పత్రికలో 2022లో వచ్చిన అంచనా ప్రకారం, మందుకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమై 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది మరణించారు.

నేలలో దొరికిన మందు, మన సుబ్బారావు గారు

పెన్సిలిన్‌ను 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనుగొన్నాడు. 1945లో నోబెల్ బహుమతి అందుకున్న సందర్భంలోనే ఆయన ఒక హెచ్చరిక చేశాడు. అంగడిలో కొనుక్కుని చాలీచాలని మోతాదులో పెన్సిలిన్ వేసుకుంటే క్రిములు చావకపోగా రాటుదేలుతాయనీ, ఆ రాటుదేలిన క్రిమి భార్యకు అంటితే ఆమె ప్రాణానికే ముప్పు రావచ్చుననీ ఒక కల్పిత సంసారాన్ని ఉదాహరణగా చెప్పాడు. మందు బజారుకు వస్తున్న రోజుల్లోనే చెప్పిన మాట అది. ఇన్నేళ్ళ తరువాత కూడా మనం విన్నామని చెప్పడానికి లేదు.

ఈ మందుల చరిత్రలో మన తెలుగువాడి పాత్ర కూడా ఉన్నది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్ళి, లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మిస్సోరీ నుంచి తెచ్చిన పిడికెడు మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని గుర్తించి, దాని నుంచి ఆరియోమైసిన్ అనే మందును తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఇదే. 1948లో ఇది లోకానికి వెల్లడైంది. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావు గారు 53 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. పెన్సిలిన్‌కు లొంగని అనేక జబ్బులకు ఆ కుటుంబం మందులు పనిచేశాయి. దానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను నేటికీ మేము స్క్రబ్ టైఫస్ వంటి జ్వరాలకు రాస్తున్నాము.

అయితే టెట్రాసైక్లిన్ వచ్చిన కొన్నేళ్ళకే దాన్ని తట్టుకునే క్రిములూ కనిపించాయి. తరువాత వచ్చిన ప్రతి మందు కథా ఇంతే. ఎన్నో ఏళ్ళు కష్టపడి మనిషి ఒక మందు తయారు చేస్తాడు. దాన్ని విచ్చలవిడిగా వాడి కొన్నేళ్ళలో పాడు చేసుకుంటాడు.

హబ్సిగూడలో క్రిమి గోడ మీద పరిశోధన

మరి కొత్త మందులు కనిపెట్టడం లేదా అంటే, ఆ ప్రయత్నానికి పునాది వేసే పని మన హైదరాబాదులోనే జరుగుతోంది. హబ్సిగూడలోని సీసీఎంబీలో డాక్టర్ మంజులా రెడ్డి గారు, ఆమె సహచరులు బాక్టీరియా ఒంటి చుట్టూ ఉండే గోడను గురించి ఎన్నో ఏళ్ళుగా శోధిస్తున్నారు. ఆ కృషికి ఆమెకు 2019లో జీవశాస్త్రాల విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది.

ఆ గోడ సంగతి తెలుసుకుంటే మందు ఎలా పనిచేస్తుందో కూడా తెలుస్తుంది. బాక్టీరియా చుట్టూ వల వంటి ఒక గట్టి సంచీ ఉంటుంది. చక్కెర పదార్థాల దారాలు, వాటిని ఒకదానితో ఒకటి కట్టే మాంసకృత్తుల ముడులు కలిసి ఆ వల ఏర్పడుతుంది. లోపలి ఒత్తిడికి క్రిమి పగిలిపోకుండా ఆ వల కాపాడుతుంది. పెన్సిలిన్, దాని బంధువులు చేసే పనల్లా కొత్త ముడులు పడనీయకపోవడం. ముడి పడక వల బలహీనమై క్రిమి పగిలి చస్తుంది. మనిషి కణాలకు ఇటువంటి వల లేదు గనుక మనకు ఆ దెబ్బ తగలదు. ఎలర్జీ ఉన్నవారి సంగతి వేరు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. చుట్టూ ముడులు బిగించిన వల ఉండగా లోపలి క్రిమి ఎలా పెరుగుతుంది? చేపల వలను పెద్దది చేయాలంటే ఉన్న ముడిని ఒక చోట తెంపి కొత్త దారం కలపాలి గదా! అలాగే క్రిమి దగ్గర కూడా ముడిని తెంపే కత్తెర ఉండాలి. ఆ కత్తెరలు ఏవి అన్నదే మంజులా రెడ్డి గారి బృందం తేల్చిన విషయం. ఈ కోలైలో మూడు ఎంజైములు ఈ కత్తెర పని చేస్తాయని వారు 2012లో ప్రకటించారు. ఒకటి లోపిస్తే మరొకటి ఆ పని అందుకుంటుంది. మూడూ లేకుండా చేస్తే కొత్త దారం వలలో చేరక క్రిమి త్వరలోనే పగిలిపోతుంది.

కత్తెర అతిగా ఆడితే వల చిరుగుతుంది. ఆడకపోతే వల పెరగదు. ఈ అదుపును క్రిమి ఎలా సాధిస్తుందో 2015లో వారే చూపించారు. ముఖ్యమైన ఒక కత్తెరను అవసరం లేనప్పుడు విరిచిపారేసే మరొక ఏర్పాటు క్రిమిలో ఉన్నదట. ఎంత పొదుపరి సంసారమో చూడండి!

దీని వల్ల మనకేమిటి లాభం? ఇంతవరకు ముడి పడకుండా చేసే మందులున్నాయి. ఆ మందులను కోసిపారేసే ఎంజైములను క్రిములు నేర్చుకున్నాయి. కత్తెరను మొద్దుబార్చే మందు తయారైతే అది క్రిమికి కొత్త దెబ్బ అవుతుంది. కానీ ఇది ఇంకా పరిశోధనశాలలోని జ్ఞానమే, షాపులో దొరికే గోలీ కాదు. క్రిమి లోపలికి చేరగల రసాయనం దొరకాలి, మనిషికి హాని చేయకూడదు, జంతువుల మీదా మనుషుల మీదా పరీక్షలు నెగ్గాలి. దీనికి పదేళ్ళకు పైగా పట్టవచ్చు. పైగా షుగరు మందులా జీవితాంతం వాడేది కాదు గనుక, ఇటువంటి మందు మీద డబ్బు పెట్టడానికి కంపెనీలు వెనుకాడతాయి. అందుచేత ఈ రోజు మన చేతిలో ఉన్న మందులే మన పిల్లల ఆస్తి అనుకోవాలి.

తప్పు ఎవరిది?

తప్పంతా ప్రజలదే అని నేను అనను. మొదట నా తప్పు చెబుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో బయట వందమంది వరుసలో ఉంటే, జలుబు జ్వరంతో వచ్చిన వారికి "ఇది దానంతట అదే పోతుంది" అని వివరించే ఓపిక లేక, చీటీ మీద కాప్సూల్స్ రాసి పంపేవాడిని. రోగి సంతోషించేవాడు, వరుస కదిలేది. ఆ రాతల్లో ఎన్ని అనవసరమో ఈ వయసులో లెక్క వేసుకుంటే సిగ్గేస్తుంది.

చీటీ లేకుండా అమ్మే షాపులున్నాయి. ప్రతి జ్వరానికీ సూది వేసే వైద్యులున్నారు. పరిశ్రమల మురుగూ ఉంది. స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం 2007లో పటాన్‌చెరు వద్ద, మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అందులో కనిపించింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అటువంటి నీటిలో బతికి బట్టకట్టే క్రిమి ఎంత మొండిదై ఉంటుందో ఊహించుకోండి.

చట్టం లేకపోలేదు. అనేక ముఖ్యమైన యాంటీబయాటిక్స్‌ను ‘షెడ్యూల్ హెచ్1’ అనే జాబితాలో చేర్చి, డాక్టరు చీటీ మీదనే అమ్మాలనీ, ఎవరు రాశారో ఎవరికి అమ్మారో ప్రత్యేక పుస్తకంలో రాసుకోవాలనీ 2014 మార్చి నుంచి నిబంధన ఉన్నది. షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది చీటీ లేకుండా కొనకూడని మందు అని గుర్తు. షాపువాడు అడగకపోయినా, ఆ ఎర్ర గీతను చూసి ఆగవలసింది మనమే.

ఇంట్లో మీరు చేయవలసినవి

జలుబు, తుమ్ములు, ముక్కు కారడం, ఒళ్ళు నొప్పులతో వచ్చే సీజన్ జ్వరాలు చాలావరకు వైరస్ వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. విశ్రాంతి, తగినన్ని నీళ్ళు, జ్వరానికి పారాసిటమాల్ చాలు. డెంగీ కూడా వైరస్ జ్వరమే.

పిల్లలకు నీళ్ళ విరేచనాలైతే ముందుగా కావలసింది ఓఆర్ఎస్ ద్రావణం, డాక్టరు చెప్పిన మేరకు జింకు గోలీలు. తల్లిపాలు, తిండి ఆపకండి. విరేచనంలో రక్తం పడితే మాత్రం డాక్టరుకు చూపించాలి.

డాక్టరు యాంటీబయాటిక్ రాసినప్పుడు "ఎన్ని రోజులు? రోజుకు ఎన్నిసార్లు?" అని అడిగి, చెప్పినన్ని రోజులూ వాడండి. మూడు రోజులు చాలే జబ్బులున్నాయి. క్షయకు ఆరు నెలలు వాడవలసి ఉంటుంది. ఎన్నాళ్ళన్నది జబ్బును బట్టి డాక్టరు నిర్ణయించాలే గాని, మంట తగ్గిందని మనం నిర్ణయించుకోకూడదు. దద్దుర్లు, ఆయాసం వంటివి వస్తే మందు ఆపి వెంటనే డాక్టరును కలవండి.

అత్తగారికి రాసిన మందు కోడలికి వేయకండి. నిరుటి చీటీతో ఈ ఏడు మందు కొనకండి. "జ్వరం తగ్గడానికి ఒక పవరున్న సూది వెయ్యండి" అని డాక్టరును తొందర పెట్టకండి. "ఈ జబ్బుకు యాంటీబయాటిక్ అవసరమా?" అని అడిగే హక్కు మీకున్నది. అడిగితే మంచి డాక్టరెవరూ కోపగించుకోరు.

మూత్రంలో మంట పదే పదే వస్తుంటే, మందు మొదలుపెట్టక ముందే మూత్రాన్ని కల్చరుకు ఇవ్వండి. మందు మింగాక ఇస్తే క్రిమి చిక్కకపోవచ్చు. షుగరు అదుపులో పెట్టుకోండి. గుండె, మూత్రపిండాల జబ్బు లేనివారు నీళ్ళు బాగా తాగండి. పొలం పనుల్లోనూ, ప్రయాణాల్లోనూ చోటు లేదని గంటల తరబడి మూత్రం బిగబట్టడం మన ఆడవారికి అలవాటైపోయింది. ఈ అలవాటు మంచిది కాదు.

చేతులు సబ్బుతో కడుక్కోవడం, మంచినీరు, సమయానికి టీకాలు, ఇవి మామూలు మాటలుగా తోస్తాయి. కానీ రాని జబ్బుకు మందుతో పనే లేదు. పని పడని మందు పాడవదు.

అలాగని భయపడి అవసరమైన మందు మానేయడమూ ప్రమాదమే. చలితో కూడిన జ్వరం, నడుము పక్క నొప్పి, ఆయాసం, మూడు రోజులు దాటిన జ్వరం, పసివాడు పాలు తాగక మగతగా ఉండడం, ఇటువంటివి కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి. అటువంటి వేళ సరైన యాంటీబయాటిక్ సరైన సమయానికి ప్రాణం నిలుపుతుంది. దాని శక్తి నిలిచి ఉండాలనే ఇంత చెప్పడం.

ఆ పెద్దామె మొన్న షుగరు పరీక్షకు వచ్చింది. ఈసారి కొంగున ఖాళీ షీటు లేదు. కల్చరు రిపోర్టును ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చింది. "మళ్ళా మంటొస్తే ముందుగాల గీ కాయితం జూపియ్యమన్నవు గద సారూ" అన్నది. తరువాత కొంచెం గొంతు తగ్గించి, "గూట్ల ఉన్న గోలీలు మా చెల్లెకు ఇద్దామనుకున్న. ఇయ్యలే" అన్నది.

మీ ఇంటి గూట్లో కూడా అటువంటి సగం షీట్లు ఉండవచ్చు. ఈ వారమే తీసి చూడండి. ఎర్ర గీత ఉన్నవి మీరు మింగవద్దు, ఇతరులకు ఇవ్వవద్దు. ఈసారి డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు వెంట తెచ్చి చూపించండి.